రౌతు కొద్దీ గుర్రం!

గట్టిగా పట్టుకుంటే పడిపోం అనుకుంటాం. గుర్రం మీద ఆ లెక్క తిరగబడుతుంది. అక్కడ మనిషిని కాపాడేది చేతుల బలమూ కాదు, తొడల బలమూ కాదు... ఒంటి తూకం!

జానపద సినిమాల్లో కాంతారావు ఒక్క గెంతులో గుర్రమెక్కి, కత్తి దూసి, కొండలూ కోనలూ దాటేసేవారు. ‘మగధీర’లో రామ్‌చరణ్ దుమ్ము రేపుకుంటూ దూసుకొచ్చేస్తాడు. తెర ముందు కూర్చున్నవాళ్లకి ‘ఓస్, ఇంతేనా’ అనిపిస్తుంది. పరిగెత్తేది గుర్రం. మనం చేయాల్సిందల్లా దాని మీద కూర్చోవడమే కదా!

చిక్కంతా ఆ కూర్చోవడంలోనే ఉంది.

రైడింగ్ స్కూల్లో కొత్తగా చేరినవాళ్లని చూస్తే ఈ సంగతి తెలిసిపోతుంది. గుర్రం మామూలుగా నడుస్తున్నంతసేపూ బాగానే ఉంటారు. చుట్టూ చూస్తారు, నవ్వుతారు, ఫొటోకి పోజిస్తారు. అదే గుర్రం కాస్త వేగం అందుకుని ‘ట్రాట్’లోకి మారిందంటే చాలు... నవ్వు మాయమవుతుంది. బియ్యం బస్తాలా ఎగిరెగిరి పడుతుంటారు. వీపు వంగిపోతుంది. చూపు కిందికి దిగుతుంది. మోకాళ్లు జీనుకి అతుక్కుపోతాయి. మడమలు పైకి లేస్తాయి. చేతులు పగ్గాల్ని ఛాతీ దాకా లాక్కుంటాయి. ఇవేవీ ఎవరూ నేర్పినవి కావు. పడిపోతామన్న భయం వేస్తే ఒళ్లు తనంతట తానే ముడుచుకుంటుంది, దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటుంది. చెట్టు కొమ్మ మీదో, కదిలే బస్సు ఫుట్‌బోర్డు మీదో ఆ అలవాటు ప్రాణం కాపాడుతుంది. గుర్రం మీద మాత్రం అదే కింద పడేస్తుంది!

పట్టు బిగిస్తే ఏమవుతుంది?

తడి సబ్బుని గుప్పిట్లో పెట్టి గట్టిగా నొక్కి చూడండి. జారి పైకి ఎగురుతుంది. గుర్రం మీద జరిగేదీ ఇంచుమించు అలాంటిదే. దాని ఒళ్లు పీపాలా గుండ్రంగా ఉంటుంది. మోకాళ్లతో బిగించి నొక్కేకొద్దీ రౌతు జీనులో కుదురుకోడు సరికదా, పైకి తేలతాడు. పైగా బిగుసుకున్న మోకాలు తలుపు బందులా పనిచేస్తుంది. మొండెం ముందుకీ, కాలు వెనక్కీ ఊగుతాయి. అలాంటప్పుడు గుర్రం టక్కున ఆగిందా... రౌతు దాని మెడ మీదుగా ముందుకే!

ఇంకో తిరకాసు కూడా ఉంది. గుర్రానికి బాగా తెలిసిన భాష ఒత్తిడి. పిక్కలతో డొక్కల్ని నొక్కితే ‘పద’ అని. పగ్గం బిగిస్తే ‘ఆగు’ అని. భయపడ్డ రౌతు కాళ్లతో గట్టిగా కరుచుకుంటాడు. గుర్రం దాన్ని ‘ఇంకా వేగంగా పద’ అని అర్థం చేసుకుంటుంది. వేగం పెరిగేసరికి రౌతు కంగారుగా పగ్గాలు లాగుతాడు. నోట్లో కళ్లెం నొక్కుకుంటుంది. ఒకే క్షణంలో ‘పరిగెత్తు’, ‘ఆగు’ అని రెండు ఆజ్ఞలు! గుర్రానికి ఏం చేయాలో తోచదు. అది బెదురుతుంది. అది బెదిరితే రౌతు ఇంకా బిగుసుకుంటాడు. అప్పటిదాకా సాధువులా ఉన్న గుర్రం ‘మొండికేసింది’ అని మనం అనుకునేది ఇలాంటప్పుడే.

‘రౌతు కొద్దీ గుర్రం’ అన్న సామెత మనవాళ్లు ఊరికే అనలేదు.

నాలుగు చోట్లు... ఒకే గీత

మరి ఎలా కూర్చోవాలి? పక్క నుంచి చూసినప్పుడు రౌతు చెవి, భుజం, తుంటి, మడమ... ఈ నాలుగూ ఒకే నిలువు గీత మీద ఉండాలి. మామూలు స్వారీకి తొలి పాఠం ఇదే. గీత కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఓ చిట్కా ఉంది. ఎవరో మంత్రమేసి కింద ఉన్న గుర్రాన్ని మాయం చేశారనుకోండి. రౌతు రెండు కాళ్ల మీదా నిలబడగలగాలి. వెల్లకిలా పడతాడనిపిస్తే పాదాలు మరీ ముందుకెళ్లాయన్నమాట. బోర్లా పడతాడనిపిస్తే ఒళ్లు ముందుకి వాలిందన్నమాట.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు సేనాని జెనొఫోన్ గుర్రపు స్వారీ మీద ఓ పుస్తకం రాశాడు. కుర్చీలో కూర్చున్నట్టు కాకుండా, కాళ్లు ఎడంగా పెట్టి నిటారుగా నిలబడ్డట్టు కూర్చోవాలని అందులో చెప్పాడు. అప్పటి గ్రీకులకి రికాబులు లేవు. ఇప్పటిలాంటి జీనులూ లేవు. ఆసరాగా పెట్టుకోవడానికి ఒంటి తూకం తప్ప మరేమీ లేని కాలంలో తేలిన లెక్క ఇది. రెండు వేల మూడొందల ఏళ్లు దాటినా మారలేదు.

ఈ గీతని తల నుంచే సరిచూసుకుంటూ రావాలి. పెద్దవాళ్ల తల బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది. గుర్రం మెడనో, తమ చేతుల్నో చూసుకుంటూ తల వంచితే ఆ బరువంతా ముందుకి ఒరుగుతుంది. దాని వెనకే భుజాలు, వాటి వెనకే వీపు. అందుకే చూపు గుర్రం చెవుల మధ్య నుంచి వెళ్లాల్సిన చోటు మీద ఉండాలి.

భుజాలు వెడల్పుగా, వదులుగా ఉండాలి. ‘అటెన్షన్’లో నిలబడ్డ జవానులా ఛాతీ విరుచుకుంటే నడుము బిగుసుకుంటుంది. మోచేతులు వంగి, పక్కటెముకల దగ్గరగా వేలాడాలి. మోచేయి, పిడికిలి, గుర్రం నోట్లోని కళ్లెం ఒకే వరసలో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. ఒకటి మాత్రం మరచిపోకూడదు. పగ్గాలు కబురు చెప్పడానికే, పట్టుకుని వేలాడటానికి కాదు. అవి ఆధారంగా కూర్చునే రౌతు తన బరువునంతా గుర్రం నోటికి తగిలించినట్టే.

అన్నిటికీ కేంద్రం కటి భాగం. చెక్క కుర్చీ మీద రెండు అరచేతులూ కిందపెట్టుకుని కూర్చుంటే, పిరుదుల అడుగున రెండు గట్టి ఎముకలు చేతికి తగులుతాయి. జీను మీద బరువు ఆ రెండిటి మీదా సమానంగా పడాలి. నడుము మరీ లోపలికి వంచితే బరువు ముందుకి జారుతుంది. సోఫాలో కూలబడ్డట్టు వెనక్కి వాలితే ఎముకలు ముందుకి జారి, కాళ్లు కుర్చీలో చాపినట్టు అయిపోతాయి. ఈ రెండిటికీ నడుమ ఉండే చోటుని వెతుక్కోవడమే తొలి వారాల్లో చేయాల్సిన పని.

రికాబు మెట్టు కాదు

కొత్తవాళ్లు రికాబుని మెట్టులా వాడతారు. పాదం మొత్తం అందులోకి దూర్చి, కాలు బిగబట్టి నిలబడతారు. ఇది రెండు విధాలా ముప్పే. బిగబట్టిన కాలు కుదుపుని మింగలేదు, నేరుగా పైకి పంపేస్తుంది. అంతకన్నా పెద్ద ముప్పు... పడ్డప్పుడు పాదం రికాబులో ఇరుక్కుంటే గుర్రం మనిషిని ఈడ్చుకుపోతుంది.

పాదం ముందుభాగం, అంటే వేళ్ల వెనక ఉండే వెడల్పాటి చోటు మాత్రమే రికాబు మీద ఆనాలి. మడమ వేళ్లకన్నా కాస్త కిందికి ఉండాలి. మడమని బలవంతంగా తొక్కిపెట్టక్కర్లేదు. తొడ వదిలి, మోకాలు వదిలి, బరువుని కిందికి జారనిస్తే మడమ తనే దిగుతుంది. తుంటి, మోకాలు, చీలమండ... ఈ మూడు కీళ్లే రౌతుకి స్ప్రింగులు. ఇందులో ఏ ఒక్కటి బిగుసుకున్నా మిగతా రెండూ పనిచేయవు.

రికాబు పొడవుకీ ఓ కొలత ఉంది. జీను దగ్గర రికాబు పట్టీ మొదలయ్యే చోట వేళ్ల కొసలు ఆనించి, రికాబుని చేతి పొడవునా చంక వైపు చాపాలి. అది చంకని తాకితే పొడవు ఇంచుమించు సరిపోయినట్టే. ఎక్కాక చూసుకుని ఒకటి రెండు రంధ్రాలు అటూఇటూ మార్చుకుంటారు.

నడక మారితే...

గుర్రం నడకలో నాలుగు దరువులుంటాయి. నాలుగు కాళ్లూ ఒకదాని తర్వాత ఒకటి నేలని తాకుతాయి. దాంతో రౌతు కటి కూడా ఓసారి కుడివైపు, ఓసారి ఎడమవైపు మెల్లగా ఊగుతుంది. మనం కాలినడకన వెళ్తున్నప్పుడు ఎలా కదులుతుందో ఇంచుమించు అలాగే. దాన్ని ఆపకుండా ఊగనిస్తే చాలు.

ట్రాట్‌లో రెండే దరువులు. ఎదురెదురు మూలల్లోని ఒక ముందుకాలూ ఒక వెనక కాలూ జంటగా లేచి జంటగా పడతాయి. మధ్యలో గుర్రం ఓ క్షణం గాలిలో ఉంటుంది. రౌతు ఎగిరిపడేది అందుకే. దీనికి విరుగుడుగా ఒక దరువుకి లేచి, మరో దరువుకి కూర్చోవడం నేర్పిస్తారు. కాళ్ల బలంతో లేవాల్సిన పనే లేదు. గుర్రం వీపు తోసే తోపుకి తుంటి కొద్దిగా ముందుకి కదిలితే సరిపోతుంది. గుండ్రంగా తిరుగుతున్నప్పుడు గుర్రం బయటివైపు భుజం ముందుకి వెళ్లేటప్పుడు లేవాలన్నది నియమం.

‘కాంటర్’లో మూడు దరువులు. ఉయ్యాల ఊపులా ఉంటుంది. ట్రాట్‌కి హడలిపోయినవాళ్లు కూడా కాంటర్‌ని ఇష్టపడతారు... ముందుకి ఒరిగిపోకుండా ఉంటే!

వీటన్నిటిలోనూ ఊపిరి ముఖ్యం. భయపడ్డప్పుడు మనం ఊపిరి బిగబడతాం. పొట్ట, నడుము, తొడలు అన్నీ దాంతోపాటే బిగుసుకుంటాయి. అందుకే కొందరు శిక్షకులు ట్రాట్ చేస్తున్నవాళ్లని గట్టిగా అంకెలు లెక్కపెట్టమంటారు, పాట పాడమంటారు. నోరు కదులుతుంటే ఊపిరి ఆపడం కుదరదు మరి.

గుర్రం వీపు ఏం చెబుతుంది?

ఒంటి మీద ఈగ వాలితే గుర్రం ఆ చోట చర్మాన్ని మాత్రమే టపటపలాడించి తోలేస్తుంది. అంత చిన్న స్పర్శ తెలిసే జీవికి, మీద కూర్చున్న మనిషి ఏ పక్కకి ఒరిగాడో తెలియదా? రౌతు కుడికి ఒరిగితే గుర్రం కూడా తన తూకం కోసం సర్దుకుంటుంది. ఒకట్రెండు రోజులైతే పర్వాలేదు. ఏళ్ల తరబడి అలాగే సాగితే వీపు కండరాలు ఒకవైపు బిగుస్తాయి, నొప్పి మొదలవుతుంది. జీను వేయబోతే చెవులు వెనక్కి పెట్టడం, కరవబోవడం, వీపు కిందికి దించేయడం... పొగరనుకునే ఈ పనుల వెనక చాలాసార్లు వీపునొప్పి ఉంటుంది.

ఒకే భుజానికి బ్యాగు తగిలించుకునేవాళ్లూ, రోజంతా కంప్యూటర్ ముందు మెడ చాచి కూర్చునేవాళ్లూ ఆ వంకరల్ని జీను మీదికి కూడా తెచ్చుకుంటారు. అలాగని ఒంటి వంకర ఉన్నవాళ్లు స్వారీకి పనికిరారని కాదు. అమెరికాకి చెందిన శిక్షకురాలు శాలీ స్విఫ్ట్‌కి చిన్నప్పటి నుంచీ వెన్నెముక వంకర. తన ఒంటిని సరిచేసుకోవడానికి పడ్డ పాట్లనే పాఠాలుగా మలిచారామె. 1985లో వచ్చిన ఆమె పుస్తకం ‘సెంటర్డ్ రైడింగ్’ ఎన్నో దేశాల్లో శిక్షకులకి దారి చూపింది. చూపుని ఒక్కచోట గుచ్చకుండా చుట్టుపక్కలంతా పరచడం, పొట్ట లోతు నుంచి ఊపిరి తీయడం, ఒంటి కేంద్రాన్ని గుర్తించడం, ఒకదాని మీద ఒకటి పేర్చిన దిమ్మెల్లా ఒంటిని నిలుపుకోవడం... ఈ నాలుగూ ఆమె పద్ధతికి పునాదులు.

పందెంలో మరో కొలత

హైదరాబాద్‌లో మలక్‌పేట రేస్‌కోర్సుకి వెళ్లినవాళ్లకి ఓ అనుమానం రావచ్చు. అక్కడి జాకీలు చెవి, భుజం, తుంటి, మడమ ఒక గీతలో ఉంచరే! మోకాళ్లు మడిచి, జీనుకి తగలకుండా గాలిలో వంగి ఉంటారే!

తూకం సూత్రం మారలేదు, గుర్రం వేగం మారింది. గుర్రం బరువు కేంద్రం దాని భుజాలకి కాస్త వెనకగా ఉంటుంది. గుర్రం ఒళ్లు సాగదీసి ఉరికేటప్పుడు రౌతు కూడా దాంతోపాటే ముందుకి జరగాలి. ఇటలీ సైనికాధికారి ఫెడెరికో కాప్రిల్లి దీన్ని గట్టిగా పట్టుకున్నాడు. అప్పటిదాకా అడ్డంకుల మీదుగా గుర్రాన్ని దూకించేటప్పుడు రౌతులు వెనక్కి వాలి, పగ్గాలు లాగేవారు. రౌతు లేకుండా గుర్రం ఎలా దూకుతుందో ఆయన పరిశీలించాడు. వెనక్కి వాలడమంటే దాని వీపునీ నోటినీ అడ్డుకోవడమేనని తేల్చాడు. రికాబులు పొట్టిచేసి, ముందుకి వంగి, గుర్రం మెడ చాచుకునేలా చేతులు వదలమన్నాడు. ఇవాళ దూకుడు పోటీల్లో కనిపించేది ఆయన పద్ధతే.

ఇంచుమించు అదే కాలంలో, 1897లో అమెరికా జాకీ టాడ్ స్లోన్ ఇంగ్లండ్ వెళ్లి కోతిలా ముడుచుకుని స్వారీ చేస్తుంటే జనం నవ్వారు. గెలుస్తుంటే నవ్వడం మానేసి నేర్చుకున్నారు! 1900 ప్రాంతంలో ఈ పద్ధతి పాకాక పందెం వేగాలు 5 నుంచి 7 శాతం మెరుగుపడ్డాయని 2009లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన చెప్పింది. జాకీ కాళ్లు స్ప్రింగుల్లా పనిచేయడంతో, అడుగడుగుకీ ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ జాకీని కూడా ఊపాల్సిన శ్రమ గుర్రానికి తగ్గింది.

కాళ్లు సహకరించకపోయినా...

ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూలు ప్రస్తావన 1565 నాటి రికార్డుల్లోనే ఉంది. అక్కడ చేరిన విద్యార్థికి ముందు పగ్గాలు ఇవ్వరు, రికాబులూ ఇవ్వరు. శిక్షకుడు మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతుంటే, విద్యార్థి నెలల తరబడి ఊరికే కూర్చోవడం నేర్చుకుంటాడు. పట్టుకోవడానికి ఏమీ లేకపోతేనే ఒళ్లు తూకాన్ని వెతుక్కుంటుందని వాళ్ల నమ్మకం.

ఆ నమ్మకానికి డెన్మార్క్‌కి చెందిన లిస్ హార్టెల్ జీవితం గొప్ప ఉదాహరణ. 1944లో, గర్భవతిగా ఉన్నప్పుడు ఆమెకి పోలియో సోకింది. మళ్లీ నడవడం నేర్చుకున్నా మోకాళ్ల కింద చచ్చుబడే ఉండిపోయింది. ఎవరో ఒకరు సాయం చేస్తేనే గుర్రం ఎక్కగలరు, దిగగలరు. అలాంటామె 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో డ్రస్సేజ్ పోటీకి దిగారు. గుర్రం చేత లెక్క ప్రకారం అడుగులు వేయించే ఆ పోటీలోకి ఆడవాళ్లని రానిచ్చింది ఆ ఏడాదే. సైనికాధికారుల మధ్య నిలిచి ఆమె వెండి పతకం గెలిచారు. 1956లో మళ్లీ వెండి! పిక్కలతో నొక్కే బలం లేని మనిషి నడుముతో, బరువుతో, ఊపిరితో గుర్రానికి మాట చెప్పారు. చికిత్సలో భాగంగా గుర్రపు స్వారీ చేయించడానికి ఆమె గెలుపు పెద్ద ఊపునిచ్చింది. 1996 నుంచి పారాలింపిక్స్‌లోనూ డ్రస్సేజ్ ఉంది.

మనవాళ్లూ ఇందులో వెనకబడి లేరు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా, అనుష్ అగర్వాలాల జట్టు డ్రస్సేజ్‌లో బంగారు పతకం తెచ్చింది. అశ్వక్రీడల్లో మన దేశానికి 41 ఏళ్ల తర్వాత దక్కిన బంగారం అది. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్ డ్రస్సేజ్ బరిలో దిగిన తొలి భారతీయుడయ్యాడు అనుష్. హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణలో ఇప్పటికీ గుర్రపు స్వారీ ఓ భాగమే.

పడతామని తెలిసే ఎక్కాలి

ఎంత తూకం నేర్చినా పడే ప్రమాదం పూర్తిగా పోదు. ‘సూపర్‌మ్యాన్’ క్రిస్టఫర్ రీవ్ 1995లో ఓ పోటీలో అడ్డంకి ముందు గుర్రం హఠాత్తుగా ఆగిపోవడంతో తలకిందులుగా పడ్డారు. మెడ ఎముకలు విరిగి, 2004లో కన్నుమూసేదాకా చక్రాల కుర్చీకే పరిమితమయ్యారు. అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగితే కొత్తవాళ్లకి జాగ్రత్త ఎంత అవసరం! డ్రస్సేజ్‌లో పెద్ద స్థాయి రౌతులు సంప్రదాయంగా పెట్టుకునే పొడుగు టోపీని కూడా అంతర్జాతీయ సమాఖ్య 2021 నుంచి పక్కనపెట్టించి, హెల్మెట్‌ని తప్పనిసరి చేసింది.

స్వారీ కోసం తయారుచేసిన హెల్మెట్, గడ్డం కింద బిగించిన పట్టీ లేకుండా ఎక్కకూడదు. బూటుకి చిన్న మడమ ఉండాలి, అదే పాదాన్ని రికాబులో దూరిపోకుండా ఆపుతుంది. పగ్గాల్ని చేతికి చుట్టుకోకూడదు. పొట్టపట్టీ బిగువు ఎక్కేముందోసారి, నాలుగడుగులు నడిచాక మరోసారి చూసుకోవాలి. గుర్రం బెదిరితే ముడుచుకోకుండా, నిటారుగా కూర్చుని, ఊపిరి వదిలి, దాన్ని గుండ్రంగా తిప్పాలి.

ఇంట్లోనే సాధన

గుర్రం రోజూ దొరకదు. తూకం మాత్రం ఇంట్లోనే సాధన చేయొచ్చు.

* మెట్టు అంచు మీద పాదాల ముందుభాగం ఆనించి, గోడని తాకుతూ నిలబడి మడమల్ని మెల్లగా కిందికి దించాలి. పిక్కలు సాగుతాయి.

* కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, వీపు నిటారుగా ఉంచి నిమిషంపాటు నిలబడాలి. జీను మీద ఉండాల్సింది అలాగే.

* చెక్క కుర్చీ మీద కూర్చుని కటిని ముందుకీ వెనక్కీ కదుపుతూ, రెండు ఎముకల మీదా బరువు సమానంగా పడే చోటుని గుర్తించాలి.

* ఒంటికాలి మీద ముందు కళ్లు తెరిచి, తర్వాత మూసి నిలబడాలి. రెండు కాళ్లకీ తేడా ఉంటే బలహీనంగా ఉన్నవైపు ఎక్కువ సాధన చేయాలి. మోకాలు, నడుము నొప్పులున్నవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి.

ఇవన్నీ చేశాక సరిగ్గా కూర్చున్నామో లేదో ఎవరు చెప్పాలి? శిక్షకుడు చెబుతాడు. అంతకన్నా ముందు గుర్రమే చెబుతుంది. మెడ కిందికి దించి, చెవులు వదులుచేసి, ముక్కులోంచి బుస్సుమని పొడుగ్గా ఓ ఊపిరి వదిలిందంటే... మీద ఉన్న బరువు దానికి భారంగా లేదన్నమాట!